పలకరించి కలిపే చెయ్యి

మొన్న చేవెళ్ల నుంచి మాజీ సర్పంచు గారు ఫోన్ చేశారు. పదవి పోయి చాలా కాలమైంది గానీ ఆ ఊళ్లో ఎవరూ ఆయన్ని మాజీ అనరు. అన్నా ఆయనకు వినపడదు. ప్లాస్టిక్ కప్పు వేసిన తన పూల పాలీహౌస్‌లో నీటి తుంపర్ల టైమరు ఐదు నిమిషాలు వెనక నడుస్తోందని ఫిర్యాదు. ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో చెప్పాను. ఆయన నొక్కారు, తిట్టారు, మళ్ళీ నొక్కారు. అంతా అయ్యాక, ఫోన్ పెట్టేయబోతూ అన్నారు.

"గా బుగ్గ కాక పోయిండమ్మా. పది దినాలాయె. నీకెవ్వరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. "టైమరు సరిగ్గా నడుస్తోందా సార్?" అని అడిగాను. నడుస్తోందన్నారు. నాకు మాత్రం ఆ రోజు పని నడవలేదు.

ఈ వైపు బుగ్గంటే బల్బు. మా అమ్మ వైపు వాళ్లకు బుగ్గంటే చెంప. ఆయన పేరు విని వాళ్లెవరో బూరెబుగ్గల మనిషిని ఊహించుకున్నారు. నిజానికి ఆ ముఖంలో ఎముకలు తప్ప మరేమీ ఉండేవి కావు. ఎంకపల్లి మనిషి. ఎలక్ట్రీషియన్. మా కంపెనీ డబ్బాలు తోటల్లో బిగించేవాడు. టెస్టరు చెవి మీద పెట్టుకునేవాడు, వడ్రంగి పెన్సిల్ పెట్టుకున్నట్టు. మిగతావాళ్లు వైరు తొక్క పళ్లతో పీకుతుంటే ఆయన మాత్రం కత్తి తీసేవాడు, "పండ్లు అన్నానికి" అనేవాడు. కాలిన బోర్డు చేతికిస్తే ముందు వాసన చూసేవాడు. చూసి, డాక్టరులా ముఖం పెట్టి, "అయిపోయింది" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. మిగిలిన వైరును కోసేవాడు కాదు. మీటరు మిగిలినా, మూడు మీటర్లు మిగిలినా, గుండ్రంగా చుట్టి, తాడుతో కట్టి, డబ్బా కింద వేలాడదీసేవాడు. ఎందుకని అడిగితే, "కోసినంక అతుకదు బిడ్డా. రేపు డబ్బా జరపాలంటె వైరు యాడికెళ్లి తెస్తవ్?" అనేవాడు. ఆయన బిగించిన ప్రతి డబ్బా కిందా పెళ్లికూతురి జడబిళ్లలా ఒక వైరు చుట్ట ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన, టైర్ల దుకాణం పైన మా కంపెనీ. కంపెనీ అంటే మా సారు, నేను, సోల్డరింగ్ చేసే ముగ్గురు అమ్మాయిలు, కింద నుంచి వచ్చే రబ్బరు వాసన. పాలీహౌస్‌లలో నీళ్లు ఎప్పుడు చల్లాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే డబ్బాలు చేస్తాం. లోపలి బోర్డు డిజైను నాది. ఈ మాట ఇప్పుడు మెల్లగా అంటాను. అప్పట్లో గట్టిగా అనేదాన్ని.

ఆ బోర్డు మీద వేలి గోరంత రెగ్యులేటర్ చిప్పు ఒకటుంటుంది. సోలారు బ్యాటరీల నుంచి వచ్చే ఇరవై నాలుగు వోల్టులను ఐదుకు దించి మిగతా బోర్డుకు పంచడం దాని ఉద్యోగం. నలభై వోల్టుల దాకా తట్టుకుంటుందని చిప్పు చేసినవాళ్లు కాగితం మీద రాసిచ్చారు. ఇరవై నాలుక్కీ నలభైకీ మధ్య బోలెడు జాగా ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. చిప్పు పోతే చేతికి చిప్పే మిగులుతుందని అప్పటికి తెలియదు.

చిక్కంతా డబ్బాను లైనుకు కలిపే దగ్గర. పెద్ద తోటల్లో నాలుగు షెడ్లకు ఒకటే బ్యాటరీ లైను. ఒక షెడ్డులో డబ్బా బిగించాలని మెయిన్ ఆపితే నాలుగింటిలోనూ తుంపర్లు ఆగుతాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం జర్బెరా పూలు అరగంటలో మెడలు వాలుస్తాయి. అందుకని ఏ రైతూ మెయిన్ ఆపనివ్వడు. లైనులో కరెంటు ఉండగానే ప్లగ్గు గుచ్చాలి. డబ్బాకి ఒక స్విచ్చు పెట్టి ఉంటే కొంత నయం. కానీ స్విచ్చు కోసం చిల్లు పెడితే నీళ్లు పోతాయని వద్దన్నది నేనే.

బుగ్గ కాక పని చూడటం నాకు మొదటిసారి చేవెళ్లలో, ఆ సర్పంచు గారి షెడ్డులోనే. ప్లగ్గు గుచ్చే ముందు చొక్కా జేబులోంచి లారీ ఇండికేటరు బల్బు తీశాడు. దానికి రెండు వైర్లు, రెండు క్లిప్పులు. ఒక క్లిప్పు లైనుకు, రెండోది మా డబ్బాకు తగిలించాడు. బల్బు ఒక్కసారి కళ్లు తెరిచి మూసుకుంది. అప్పుడు ప్లగ్గు గుచ్చి, క్లిప్పులు తీసి, బల్బును మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఇదేంది కాకా?" అన్నాను.

"పలకరిస్తున్న మేడం."

"ఎవర్ని?"

"డబ్బాను. ఒక్కసారే కరెంటు వచ్చి మీద పడ్తె ఎవ్వలకైన గుండె ఆగుతది. జర పలకరించి, గప్పుడు కలపాలె."

నేను నవ్వాను. "కాకా, ఇది నలభై వోల్టులు తట్టుకుంటది. మీ బ్యాటరీలో ఉన్నదే ఇరవై నాలుగు."

"ఉండనియ్యండ్రి. గీ డ్రిప్పు పైపు చూడుండ్రి. గేటు వాల్వు నిమ్మళంగ తిప్పితె ఏం గాదు. ఒక్కసారే తిప్పితె కొసకున్న మూత బందూకు గుండు తీర్గ ఎగుర్తది. అదే మోటరు, అవే నీళ్లు. అంత జోరు యాడికెళ్లి వచ్చింది?"

"నీళ్లు వేరు, కరెంటు వేరు."

"వేరేనా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. "అయితే సరే తియ్యి."

ఆ "వేరేనా"కు జవాబు నా ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పుస్తకంలో ఉంది. వేరు కాదు అనే ఉంది. ఆ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి కూడా.

ఆఫీసుకొచ్చి డబ్బాలు బిగించేవాళ్ల కోసం సూచనల కాగితం రాశాను. అందులో ఏడోది: "కంపెనీ ఇచ్చిన వస్తువులు తప్ప మరేవీ కలపరాదు." బుగ్గ పేరెత్తలేదు. మర్యాద తెలిసినదాన్ని. ఆయన ఆ కాగితాన్ని వేలు పెట్టి చదివాడు. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, జేబులోని బల్బు తీసి బండి పెట్టెలో పడేశాడు.

"రాసినంక ఇంకేమున్నది మేడం" అన్నాడు.

ఆ తర్వాత నెల నుంచి బోర్డులు చావడం మొదలైంది. మిగతావాళ్ల చేతుల్లో ఎప్పుడో ఒకటి. ఆయన చేతుల్లో మాత్రం వరసగా. ప్లగ్గు గుచ్చగానే టప్‌మని చిన్న చప్పుడు, సన్నని పొగ. మా టేబులు మీద పెడితే చిప్పు మధ్యలో సూదితో పొడిచినట్టు గుంట. మూడోది పోయినప్పుడు ఫోన్ చేశాడు.

"మేడం, ఒక్కసారి పలకరించనిస్తరా?"

"కాకా, ఇది ఆట కాదు. కాగితంలో ఉన్నట్టు చెయ్యండి చాలు" అన్నాను.

కాగితంలో ఉన్నట్టే చేశాడు. ఐదోది కూడా పోయింది.

మా సారు కారణం రాసిమ్మన్నారు. నా టేబులు మీద అదే బోర్డు నెలల తరబడి హాయిగా నడుస్తోంది. కాబట్టి డిజైనులో తప్పు లేదు. కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉంది. "సైటులో బిగింపు లోపం" అని మూడు మాటలు రాశాను. చదువుకున్నవాళ్లు మూడు మాటల్లో చాలా పని చెయ్యగలరు. మా సారు ఆయన్ని పిలిచి, టీ తాగించి, "కొన్ని రోజులు రెస్టు తీసుకో కాకా" అన్నారు. ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వెళ్లిపోయాడు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఈ వైపు బోరు ఎక్కడ వెయ్యాలో చూపించాలన్నా, నారు మొదట ఎవరు నాటాలన్నా, "ఎవరి చెయ్యి మంచిది?" అని అడుగుతారు. ఆయన చెయ్యి మంచిగ లేదన్న మాట చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగింది. అక్కణ్ణుంచి ఆటోలో చిల్కూరు దాకా పోయింది. ఫాంహౌసుల వాళ్లు పిలవడం మానేశారు. ఒక పెళ్లింట్లో సీరియల్ లైట్లు కడతానని వెళ్తే, కూర్చోబెట్టి అన్నం పెట్టారట గానీ లైట్లు ముట్టుకోనివ్వలేదట.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. నాకు తెలిసిందల్లా, ఆయన వెళ్లాక కూడా బోర్డులు పోతూనే ఉన్నాయని. ఆయన స్థానంలో వచ్చిన ఇద్దరూ ఆయన కట్టిన పాత వైర్లకే కొత్త డబ్బాలు తగిలిస్తూ, ఆయనలాగే కాలుస్తున్నారు. ఇక చేసేదేమీ లేక వోల్టేజీ గీతను తెర మీద చూపించే యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక షెడ్డుకు వెళ్లాను. ప్లగ్గు గుచ్చి తెర చూశాను.

గీత ఇరవై నాలుగు దగ్గర ఆగలేదు. నిట్టనిలువుగా యాభై దాటి, కిందికి పడి, మళ్లీ లేచి, పామును కర్రతో కొట్టినట్టు కొట్టుకుని కొట్టుకుని అప్పుడు సర్దుకుంది. కన్ను ఆర్పేలోపు జరిగిపోయింది. పొడుగు వైరులో ఒక్కసారిగా పరుగు మొదలెట్టిన కరెంటు, బోర్డు మొదట్లో ఉన్న చిన్న కెపాసిటర్ నిండాక కూడా ఆగలేక దాని నెత్తినెక్కింది. డ్రిప్పు పైపు కొసన మూత ఎగిరినట్టే. వైరు ఎంత పొడుగైతే, ఎన్ని చుట్టలు చుడితే, అంత జోరు.

మరి నా టేబులు మీద ఎందుకు పోలేదు? అక్కడ నా వైరు జానెడు. పైగా నేను ముందు ప్లగ్గు పెట్టి, తర్వాత టేబులు మీది సప్లై పెట్టె బిరడాను సున్నా నుంచి మెల్లగా తిప్పేదాన్ని. రోజూ, పొద్దున్నే, టీ తాగుతూ. ఆయన బల్బు చేసిందీ అదే, కరెంటును ఒక్కసారి కాకుండా మెల్లగా పోనివ్వడం. అంటే ఇన్నాళ్లూ నా బోర్డును నేనూ పలకరిస్తూనే ఉన్నాను. ఆయన్ని ఒక్కణ్ణే పలకరించొద్దన్నాను. పొగ వచ్చింది బోర్డులోంచే గానీ, పొగరు నాది.

మందు పెద్దదేమీ కాదు. చిన్న కెపాసిటర్ పక్కన లావుపాటిది ఒకటి పెట్టాను. దానికి లోపల కాస్త బద్ధకం ఉంటుంది, ఊపును తనలో ఇంకించుకుంటుంది. దాని ముందు ఒక డయోడు. వోల్టేజీ హద్దు దాటితే అది మీద వేసుకుని చిప్పును కాపాడుతుంది. గీత మళ్లీ చూస్తే, కొంచెం లేచి, వినయంగా కూర్చుంది.

మా సారుకు చెప్పాను. సంతోషించారు. "మరి ఆ రిపోర్టు?" అన్నాను.

"కొత్త బోర్డు మంచిగైంది గదా. పాతది ఎందుకు తిరగతోడుతవమ్మా?" అన్నారు.

నాలుగుసార్లు అడిగాను. ఐదోసారికి అలిసిపోయాను. ఆటో ఎక్కి ఎంకపల్లి పోయాను.

ఇంటి ముందు ఆయన భార్య చింతపండు కొడుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని గింజలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు చొక్కా వెనక తుడుచుకుని, కుర్చీ తెచ్చి వేశాడు. నేను నోరు తెరిచేలోపు ఆమే మొదలెట్టింది.

"మంచిగొచ్చినవ్ బిడ్డా, నువ్వన్న చెప్పు. ఆర్నెల్ల సంది గిట్లనే ఉన్నడు. టీవీ వైరు గూడ పెట్టడు. నువ్వే పెట్టు అంటడు. నాకు షాక్ కొడ్తె ఫికర్ లేదన్నట్టు!"

"నా చేత పెడ్తె టీవీ గూడ పోతది. ఉన్నదే ఒక్కటి" అన్నాడాయన. నవ్వులాటకు అన్నాడేమోనని చూశాను. కాదు.

చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా. డ్రిప్పు పైపు మాట నిజమని, నీళ్లూ కరెంటూ ఆ విషయంలో ఒకటేనని, ఏడో సూచన రాసి నేనే బోర్డుల్ని చంపానని. ఆయన గింజలు ఏరడం ఆపలేదు.

"ఎంత దాక ఎగిరింది?"

"యాభై నాలుగు."

"అబ్బో!" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

"ఇంకోటి కాకా. మీరు వైరు కొయ్యకుండా చుట్టి పెడతరు చూడండి. ఆ చుట్ట వల్ల జోరు ఇంకా పెరిగింది. అందుకే మీ డబ్బాలే ఎక్కువ పోయినయ్."

ఆయన చెయ్యి ఆగింది. అనవసరంగా చెప్పానేమో అనుకున్నాను.

"అంటె నా తప్పు గూడ ఉన్నది."

"రవ్వంత."

"రవ్వంతనా, పిడికెడా? సరిగ చెప్పు బిడ్డా."

"పావు వంతు ఉంటది."

ఆయన ముఖం తేటపడింది. "పావు తప్పు అయితె మోస్త. తప్పంటె దిద్దుకుంటం. చెయ్యే మంచిగ లేదంటె ఏం చేస్తం? చెయ్యి మార్చుకుంటమా?"

మళ్లీ గింజలు ఏరడం మొదలెట్టాడు. తర్వాత ఆయనే అన్నాడు. "నాకు చెప్పినవ్, మంచిగైంది. గని నాకు తెలిస్తె ఏం ఫాయిదా? నన్ను పిలిచేది నేను గాదు గదా. సర్పంచ్ సాబ్‌కు చెప్పు. పది మంది ముంగట చెప్పు."

చెబితే నమ్ముతారా? గీతలు, కెపాసిటర్లు ఎవరికి కావాలి? అందుకని పాత బోర్డులు రెండు, కొత్తది ఒకటి సంచిలో వేసుకుని, మర్నాడు ఇద్దరం చేవెళ్ల షెడ్డుకు వెళ్లాం. మధ్యాహ్నం. బ్యాటరీలు ఎండకు నిండుగా ఉన్నాయి. పూలు కోసే ఆడవాళ్లు ఆరేడుగురు చేరారు. సర్పంచు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఏందమ్మా తమాషా?" అన్నారు.

"సార్, ఈ పాత బోర్డు కాకా చేత్తో కాదు, నా చేత్తో పెడతా. చూడండి, పోతది" అని, వైరు చుట్ట అలాగే ఉంచి, ప్లగ్గు గుచ్చాను.

పోలేదు. పచ్చ దీపం వెలిగి, బోర్డు బుద్ధిగా పని చెయ్యడం మొదలెట్టింది.

"నీ చేత మంచిగనే ఉన్నది గదమ్మా!" అన్నారు సర్పంచు గారు. అందరూ కాకా వైపు చూశారు. ఆయన నేల చూశాడు. ఆయన పేరు నిలబెడదామని వచ్చి, మిగిలిన కాస్తా కూలగొట్టేలా ఉన్నాను. ప్లగ్గు ప్రతిసారీ ఒకేలా తగలదు. తీసి మళ్లీ గుచ్చాను. దీపం వెలిగింది. నా డిజైను పని చేస్తుంటే నేను ఏడవడం అదే మొదటిసారి. మూడోసారి గుచ్చాను.

టప్!

పొగ లేచింది. జీవితంలో ఏ పరీక్ష తప్పినా నాకంత సంతోషం కలగలేదు.

సర్పంచు గారు పొగను చూసి, నన్ను చూసి, తీర్పు చెప్పారు. "అయితే ఇద్దరి చేతులు మంచిగ లేవన్నట్టు!"

ఆడవాళ్లు పక్కున నవ్వారు. నేను రెండో పాత బోర్డు ఆయన చేతిలో పెట్టాను. "మీది మంచి చెయ్యి కదా సార్. మీరే పెట్టండి."

"నేనెందుకు పెడ్త?"

"పెట్టు సర్పంచ్ సాబ్! ఊరంత నీ చేతనే రిబ్బన్లు కోపిచ్చిరి గదా!" అన్నది వెనక నుంచి ఒకావిడ, పూలగంప నడుమున పెట్టుకుని.

పెట్టక తప్పలేదు. లేచి, చేతులు దులుపుకుని, గుచ్చారు. మొదటిసారికే టప్‌మంది. ఆయన చెయ్యి చటుక్కున లాక్కుని తిరగేసి చూసుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దమనిషి చెయ్యి మంచిగ లేదని ఎవరంటారు? అందువల్ల తప్పు బోర్డుదే అయింది.

అప్పుడు కొత్త బోర్డు కాకాకు ఇచ్చాను. చొక్కా వెనక చెయ్యి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ప్లగ్గును లైను దగ్గర పెట్టి ఆగాడు. నా వైపు చూడలేదు. గుచ్చాడు. పచ్చ దీపం. తీశాడు, గుచ్చాడు. తీశాడు, గుచ్చాడు. పదిసార్లయినా చేసి ఉంటాడు. పదోసారికి సర్పంచు గారే, "ఇగ చాలు తీ, నమ్మినం" అన్నారు. తర్వాత కత్తి తీసి, వేలాడుతున్న వైరు చుట్టను విప్పి, కావలసినంత ఉంచి మిగతాది కోసేశాడు. కోసిన ముక్కను కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

మేం బయల్దేరుతుంటే సర్పంచు గారు గేటు దాకా వచ్చారు. "కాకా, రేపు పొద్దుగాల రెండో షెడ్డు కాడికి రా. కొత్త లైను గుంజాలె."

"రేపు వీలు గాదు సాబ్. ఎల్లుండి వస్త."

ఆయనకు కాదనే మాట అలవాటు లేదు. ఒక క్షణం చూసి, "సరే, ఎల్లుండే రా" అన్నారు.

చేవెళ్లలో బస్సు కోసం నిలబడ్డాం. నాకు కాళ్లు లాగుతున్నాయి. సంచిలో రెండు కాలిన బోర్డులు ఇంకా వాసనేస్తున్నాయి.

"రేపేం పని కాకా?" అన్నాను.

"ఏం లేదు."

"మరి?"

"ఆర్నెల్లు నేను ఎదురుచూసిన బిడ్డా. ఒక్క దినం ఆయనను చూడనియ్యి."

మెహదీపట్నం బస్సు వచ్చింది. లోపల ఒకటే సీటు ఖాళీ ఉంది. పెద్దవాడు కదా అని ఆయన్ని కూర్చోమన్నాను. ఆయన పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడి, తల అడ్డంగా ఊపాడు.

"నువ్వే కూసో. రేపు నీకు డ్యూటీ ఉన్నది. నాకు ఛుట్టీ."